నూట నలభై రెండో పేజీ దాకా

ఆగస్టు 9, శుక్రవారం

దొరికింది.

స్కూలు రిజిస్టర్లు బైండింగుకి ఇచ్చి రమ్మని హెడ్మాస్టరు పంపితే జనార్దనయ్య కొట్టుకు వెళ్లాను. ఆత్మకూరులో పాత పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. నన్ను చూసి జిగురు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "మేడం, మీరు టీచరు గదా, ఒక మాట చెప్పండి. అనంతసాగరంలో ప్రైవేటు హాస్టలు మూసేసినారు గదా, ఆడి పుస్తకాలన్నీ నా నెత్తిన పడేసినారు. ఒకదాంట్లో పెన్సిల్ చుక్కలుండాయి, చానా. రబ్బరు పెట్టి తుడిచేసి కుట్టేదా, అట్నే కుట్టేదా?" అన్నాడు. రబ్బరు అప్పటికే ఆయన చేతిలో ఉంది.

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి ఎనిమిది పేజీలు లేవు. మధ్యలో ఉదయగిరి చెక్క కత్తి, రొట్టెకు వెన్న రాసుకునే పలచటి రకం, అమ్మ పేజీ గుర్తుకు పెట్టుకునేది. అది పెట్టినచోటే ఉంది. రెండున్నరేళ్లలో ఆ పుస్తకాన్ని హాస్టల్లో ఒక్క పిల్ల కూడా తెరవలేదన్నమాట.

"తుడవొద్దు!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు.

"మీదా మేడం?"

"మా చెల్లెలిది."

జనార్దనయ్య దారం తెంపి, కొత్త అట్ట రేపు వేసి ఇస్తానన్నాడు. వద్దు, ఇప్పుడే కావాలని అక్కడే కూర్చున్నాను. జిగురు ఆరేదాకా కాలు కాలిన పిల్లిలా చుట్టూ తిరిగాననీ, కుర్చీలో కుదురుగా లేననీ రేపు ఊరంతా చెబుతాడు. చెప్పుకోనీ.

ఆగస్టు 10, శనివారం

డైరీకి ఇవన్నీ చెప్పనక్కర్లేదు, దానికి తెలుసు. అయినా ఒకసారి వరసగా రాసుకుంటే నా తప్పు ఎంతో తేలుతుందేమో.

మా అవ్వ పెట్టిన పద్ధతి ఇది. ఎవరికైనా పుస్తకం ఇవ్వాలంటే ముందు తాను మొదటినుంచి చివరిదాకా చదవాలి. చదువుతూ ఆ మనిషి గుర్తొచ్చిన చోట వాక్యం కింద పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాలి. గీత గీయకూడదు, మాట రాయకూడదు. ఎవరి కోసం చదువుతున్నదీ చేతికి ఇచ్చేదాకా నోరు జారకూడదు. సోమశిల నీళ్లు వస్తాయని ఊరు ఖాళీ చేసిన రోజు అవ్వ అమ్మకు అలాంటి పుస్తకం ఇచ్చింది. అమ్మ ఏంజెలిన్‌కు పెళ్లిలో ఇచ్చింది. నాకు పెళ్లి కాలేదు, పుస్తకమూ రాలేదు. నేను అడగలేదు. అడిగి పుచ్చుకుంటే అదేం ఇవ్వడం?

ఉదయగిరిలో అమ్మ దగ్గర ఉన్నది చెల్లెలు. నేను నెలకు రెండు ఆదివారాలు పండ్లు తీసుకుని వెళ్లొచ్చే చుట్టాన్ని. అమ్మ పోయాక, చర్చివాళ్ల ఆదరణ కూడిక అయిన మర్నాడు ఏంజెలిన్ జ్వరంతో పడింది. అది లేచేసరికి అమ్మ గది శుభ్రంగా ఉంటే తేలిగ్గా ఉంటుందనుకున్నాను. చీరలు మడతపెట్టి పంచాను. మందులు పారేశాను. పుస్తకాలు రెండు గోతాలకు ఎత్తి, అనంతసాగరం వెళ్లే ఆటోలో వేసి హాస్టలుకు పంపేశాను. ఒక్కదాన్నీ తెరిచి చూడలేదు. తెరిస్తే ఏడుస్తానని తెరవలేదు. ఇది కారణమో సాకో ఇప్పటికీ తేల్చుకోలేదు.

జ్వరం దిగి లేచిన ఏంజెలిన్ ఖాళీ అల్మరా ముందు నిలబడింది. "అమ్మ చుక్కలు పెడతా ఉన్నిన పుస్తకం గూడానా? చదవకుండా ఎట్టా ఇచ్చేసినావక్కా?" అంది.

నేను క్షమించమని అడిగి ఉండాల్సింది. "ఒక పుస్తకం పోతే ఏందిమే, ఇంకోటి కొంటాలే" అన్నాను.

అంతే. ఆ రోజు నుంచి నాకు దాని మాట లేదు. తర్వాత హాస్టలుకు మూడుసార్లు వెళ్లి వెతికాను. గోతాలు ఎక్కడున్నాయో వాళ్లకే తెలియదు.

నేను అంత పెడసరంగా ఎందుకన్నానో ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రెండో పుస్తకం కూడా దానికేనా అని మండింది. అమ్మ పోయి వారం కాకముందే అసూయపడ్డాను. నలభై ఎనిమిదేళ్ల టీచరమ్మను, పిల్లలకు బైబిలు వాక్యాలు చెప్పేదాన్ని.

ఆగస్టు 11, ఆదివారం

గుడికి వెళ్లాను. పాస్టరుగారి ప్రసంగం దేని మీదో గుర్తులేదు. సంచిలో పుస్తకం ఉంది.

ఆగస్టు 15, గురువారం

జెండావందనం అయ్యాక పుస్తకం తీసుకుని ఉదయగిరి బస్సు ఎక్కుదామని స్టాండు దాకా వెళ్లాను. బస్సు ఉంది, సీటు కూడా ఉంది. వెనక్కి వచ్చేశాను.

కారణం ఉంది. అమ్మ కత్తి ఉన్నది 142వ పేజీలో. పుస్తకం 288 పేజీలు. సగం చదివిన పుస్తకం ఇవ్వడం మా ఇంట్లో లేదు. మిగతా సగం అమ్మ బదులు నేను చదివి పూర్తి చేస్తాను. మధ్యలో దిగితే కథ అర్థం కాదు కాబట్టి మొదటినుంచీ చదవాలి. పద్ధతి ప్రకారమే చేస్తున్నాను. పారిపోవడం లేదు.

ఆగస్టు 18, ఆదివారం

చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం మీద తెల్లటి దుప్పటి పరుచుకుని తెరిచాను. పేజీ మరీ వెడల్పుగా విప్పకుండా, కుట్టు నొప్పి పడకుండా.

కథలో ఒకామె ఏటి రేవులో పడవ నడుపుతుంది. ఆమె పేరు పోయిన పేజీల్లో ఉండిపోయినట్టుంది, తొమ్మిదో పేజీ నుంచి "ఆమె" అనే ఉంది. అందరినీ అవతలి గట్టుకు దించుతుంది. తాను మాత్రం ఎప్పుడూ దిగదు. తెడ్డు ఆనించి, దిగినవాళ్ల వీపులు చూసి, పడవ తిప్పుకుంటుంది. పెద్ద సంఘటనలేం లేవు. వాన వస్తుంది, వెలుస్తుంది. చదువుతుంటే కళ్లు మూత పడవు గానీ గదిలో వెలుతురు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది.

మొదటి చుక్క పదకొండో పేజీలో ఉంది. "ఆమె ఎవరినీ ఏమీ అడగదు, అడగని మనిషికి ఏమీ అక్కర్లేదని రేవులో అందరూ అనుకున్నారు."

ఏంజెలిన్ అడగదా? లడ్డు పెద్దది కావాలని పెళ్లిపందిట్లో కూడా అడిగింది. అమ్మకు దాని మీద ఉన్న ప్రేమ అలాంటిది, లేని గుణాలు కూడా కనిపిస్తాయి.

ఆగస్టు 24, శనివారం

స్టాఫ్ రూములో సరళ చూసింది. సరళ సోషల్ చెబుతుంది, పక్క కుర్చీ నాది. విషయం కొంత చెప్పాను, అంతా కాదు.

"ఇచ్చే పుస్తకం ముందే చదివేస్తారా? ఎంగిలి గదా మేడం!" అంది. "కొత్త చీర మనం ఒకసారి కట్టి, మడతేసి, బొట్టు పెట్టి ఇస్తామా ఎవురికన్నా?"

"చదవకుండా ఇస్తే ఖాళీ విస్తరి వేసి భోంచెయ్యమన్నట్టు మా ఇంట్లో."

"అయితే ఉప్పు చూసి వడ్డించినట్టా?"

"అట్లాంటిదే."

"ఉప్పు చూసేదానికి ఒక చుక్క నాలిక మీద వేసుకుంటే చాలు మేడం. మీరు చూస్తే కుండంతా తాగేటట్టుండారే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత పీరియడంతా అదే మాట తలలో తిరిగింది.

సెప్టెంబరు 1, ఆదివారం

మధ్యాహ్నం చదువుతూ నిద్రపోయాను. అమ్మ పుట్టిన ఊరు కలలోకి వచ్చింది. నాకు గుర్తున్న ఊరు కాదు, నీళ్ల కిందకు పోయేనాటికి నాకు నాలుగేళ్లు. కలలో మాత్రం వీధి వీధీ తెలుసు. తలుపులన్నీ తీసి ఉన్నాయి. చేపలు ఇళ్లలోకి వెళ్లి ఎవరూ లేరని చూసుకుని వస్తున్నాయి. అమ్మ అరుగు మీద కూర్చుని చదువుతోంది. నీళ్లలో పేజీ తిరగడానికి చాలాసేపు పడుతోంది. ఆమె పెట్టిన చుక్కలు ఒక్కొక్కటే కాగితం వదిలి పైకి తేలిపోతున్నాయి.

"ఎవరికమ్మా?" అన్నాను.

అమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది. బతికి ఉన్నప్పుడు చేసినట్టే.

లేచేసరికి దిండు తడి. ఏడ్చానని రాసుకోవడానికి సిగ్గెందుకు? ఏడ్చాను.

సెప్టెంబరు 8, ఆదివారం

చదవలేదు.

సెప్టెంబరు 9, సోమవారం

చదవలేదు. అయిపోతుందేమోనని.

సెప్టెంబరు 14, శనివారం

రోజుకు ఏడెనిమిది పేజీలే. అంతకంటే ఎక్కువైతే అమ్మ త్వరగా అయిపోతుంది.

ఒక సంగతి గమనించాను. చుక్కలు వాక్యం కిందే లేవు. కొన్ని పక్కకు జరిగాయి, కొన్ని రెండు వరసల మధ్య పడ్డాయి. అమ్మకు చివర్లో కళ్లు మసకని తెలుసు. భూతద్దం కొనిచ్చింది నేనే. ఈ సన్నటి అచ్చు ఎలా చదివిందో! ఏంజెలిన్ కోసమైతే చూపు కూడా వచ్చింది కాబోలు.

ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

సెప్టెంబరు 22, ఆదివారం

87వ పేజీలో చుక్క. "అన్నం తినేటప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చునేది. బయట చూడటానికి ఏమీ లేదు. తన ముఖం ఎవరూ చూడకుండా ఉండటానికి."

కిటికీ వైపు తిరిగి తినేది నేను. ఇప్పుడు కూడా పళ్లెం కిటికీలోనే ఉంది. ఏంజెలిన్ చిన్నప్పుడు నన్ను చూసి అలా కూర్చునేదేమో. అమ్మకు అది గుర్తుండి ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్లను చూసే కదా నేర్చుకుంటారు.

సెప్టెంబరు 28, శనివారం

103లో ఒకటి, 110లో ఒకటి. 110లో వాక్యం, "వచ్చిన ప్రతిసారీ పండ్లు తెచ్చేది, ఒక్కసారి ఉత్త చేతులతో వచ్చి ఒళ్లో తల పెట్టుకుంటే బాగుండునని ముసలామె అనుకునేది."

సరళ ఊరికే సెలవు పెట్టింది ఈరోజు. స్టాఫ్ రూములో ఫ్యాను తిరగలేదు.

అక్టోబరు 2, బుధవారం

142కు వచ్చాను. అమ్మ ఆఖరి చుక్క. వాక్యం ఇది: "పెద్దదానివి, పెద్దదానివి అని ఇంట్లో అందరం అని అని, దానికి చిన్నతనం లేకుండా చేశాం, అది మమ్మల్ని ఒక్క మాట అనలేదు."

మిగతా చుక్కలన్నీ లేతగా ఉన్నాయి. ఇక్కడ పెన్సిల్ మొన గుచ్చుకుని కాగితానికి అవతలి వైపు తగులుతోంది.

ఈ చుక్క గురించి రేపు రాస్తాను.

అక్టోబరు 3, గురువారం

దసరా సెలవులు. తలనొప్పి.

అక్టోబరు 4, శుక్రవారం

ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దాను. ఏంజెలిన్‌కు ఇద్దరు ఆడపిల్లలు కదా. పెద్దది పనులన్నీ చేస్తుంది. అమ్మ ఆ పిల్లను తలచుకుని పెట్టి ఉంటుంది, తల్లికి తెలియాలని. అంతే అయి ఉంటుంది.

అక్టోబరు 8, మంగళవారం

షేర్ ఆటోలో సోమశిల వెళ్లాను. పుస్తకం ఒళ్లో. నీళ్లు నిండుగా ఉన్నాయి. గట్టు మీద వల ఆరేసుకుంటున్న పెంచల్ అనే ఆయనను, మా అమ్మ ఊరు ఎటువైపు ఉంటుందని అడిగాను. ఊరి పేరు చెబితే చేత్తో నీళ్ల మధ్యకు చూపించాడు.

"ఎండల్లో నీళ్లు తగ్గితే గోడలు తేల్తాయమ్మా. ఒకతూరి గుడి మెట్లు గూడా చూసినా. మీకేమన్నా ఉండాదా ఆడ?"

"మా అవ్వ ఇల్లు."

"ఉంటాదిలే. యాడికి పోతాది?" అన్నాడు.

అక్కడ కూర్చునే 143వ పేజీ తిప్పాను. అమ్మ చదవని పేజీ. చుక్కలు లేని కాగితం ఇంత తెల్లగా ఉంటుందని అనుకోలేదు. గాలికి పేజీ రెపరెపలాడుతుంటే కథలో రేవూ నా ముందున్న నీళ్లూ కలిసిపోయాయి. పడవ నడిపే ఆమె ఇటే వస్తున్నట్టు, నేను లేచి చీర సర్దుకోవాలన్నట్టు ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పెంచల్ వల చుట్టుకుని వెళ్లిపోయాడు.

146లో ఒక వాక్యం ఉంది. "చెల్లెలు నవ్వితే వాకిట్లో ఆరేసిన బట్టలు కూడా తొందరగా ఆరేవి." నవ్వొచ్చింది. ఏంజెలిన్ నవ్వు విని రెండున్నరేళ్లు దాటింది. సంచిలోంచి పెన్సిల్ తీసి ఒక చుక్క పెట్టాను.

నా మొదటి చుక్క. పెట్టాక చాలాసేపు చెయ్యి తేలిగ్గా ఉంది.

అక్టోబరు 20, ఆదివారం

ఇప్పుడు తెలిసింది, చుక్క పెట్టడం ఎంత కష్టమో. ఊరికే బాగున్న వాక్యానికి పెట్టకూడదు. ఆ మనిషి ఎదురుగా నిలబడాలి. అమ్మ ఒక్కో చుక్కకు ఎంతసేపు ఆగి ఉంటుందో.

నావి పదమూడు అయ్యాయి. ఒకటి కోపంతో పెట్టాను, 171లో, మొండితనం గురించి. తుడుద్దామని రబ్బరు తీసి ఆగిపోయాను. అదీ దాని గుణమే కదా.

అక్టోబరు 27, ఆదివారం

శాంతికుమార్ ఫోన్ చేశాడు. ఏంజెలిన్ భర్త. కరెంటాఫీసులో పని. గొంతు తగ్గించి మాట్లాడాడు, పక్కగదిలో అది ఉన్నట్టుంది.

"వదినా, పార్వతీపురం వేసినారు నన్ను. వచ్చే నెల ఇరవై అయిదున సామాన్లు లారీకి ఎత్తతా ఉండాం. ఇల్లు బాడుక్కి ఇచ్చేస్తాం. ఆడికి పోయినాక ఇంక రావడం పోవడం అంటే మాటలా? ఒకతూరి రా వదినా."

"అది రమ్మనిందా?"

"అదేమంటాదో నీకు తెలీదా? నేను పిలస్తా ఉండా" అన్నాడు.

రాష్ట్రం ఆ చివరకు. ఉదయగిరి నలభై మైళ్లు లేదు, అక్కడికే రెండున్నరేళ్లు వెళ్లలేకపోయాను. పార్వతీపురం పోతే నాకు చెల్లెలు ఉండదు. ఫోన్ పెట్టేసి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ లేదు, అది కూడా పోతే నన్ను రూబీ అని చిన్నప్పటి పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగలరు.

నవంబరు 3, ఆదివారం

ఒప్పుకుంటున్నాను. పద్ధతి కోసం చదవడం లేదు. ఇవ్వబుద్ధి కాక చదువుతున్నాను. ఇస్తే అమ్మ చుక్కలన్నీ లారీ ఎక్కి పోతాయి, నాకు ఒక్కటి కూడా ఉండదు. ఇవ్వకపోతే చెల్లెలు పోతుంది. సగం పుస్తకం దొంగను, సగం అక్కను.

నవంబరు 9, శనివారం

సిగ్గుమాలిన పని చేశాను. రాసుకోవాలి.

పుస్తకం తీసుకుని జనార్దనయ్య దగ్గరకు వెళ్లాను. 142 దగ్గర కోసి రెండు పుస్తకాలుగా కుట్టమన్నాను. మొదటి సగం నాకు ఉంటుంది, నా చుక్కలున్న రెండో సగం చెల్లెలికి ఇస్తాను. దారి పొడుగునా ఇది చాలా న్యాయంగా తోచింది.

ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను కుట్టే చేతిని మేడం. కోసేదానికి ఇంకెవురినన్నా చూసుకోండి" అన్నాడు.

"నా పుస్తకం, నా ఇష్టం."

"చెల్లెలిదన్నారే మొన్న?"

ఆయన స్టూలు నా వైపు జరిపాడు. "మా నాయన ఒకటే చెప్పినాడు మేడం. పుస్తకం ముట్టుకుంటే ముందు ఆఖరి పేజీ ఉండాదా లేదా చూడు, తర్వాతే సూది ఎక్కించు అని. మీరు చివరాఖరు దాకా చదివినారా?"

"లేదు."

"చదవకుండానే కోసేదానికి వచ్చినారా?"

చదవకుండా ఇచ్చేశావా, చదవకుండా కోస్తావా. నాకు ఊళ్లో ఇంకో పేరు అక్కర్లేదు. టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

నవంబరు 16, శనివారం

230. ఏట్లో నీళ్లు పెరుగుతున్నాయి కథలో. ఇక్కడ కూడా ముసురు.

నవంబరు 22, శుక్రవారం

అయిపోయింది.

ఆఖరి పేజీలో ఆమె పడవను అవతలి గట్టుకు కట్టి దిగుతుంది. దిగిన చోట ఎవరున్నారో రచయిత చెప్పలేదు. "నేల గట్టిగా, వెచ్చగా ఉంది" అని మాత్రం రాశాడు. ఆ వాక్యం కింద చుక్క పెట్టాను. చెక్క కత్తిని 142 నుంచి తీసి ఆఖరి పేజీలో పెట్టాను. ఇక చదవడానికి ఏమీ లేదు, సాకూ లేదు.

పండ్లు కొనలేదు.

నవంబరు 24, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పదకొండున్నరకు ఉదయగిరిలో దిగాను. కొండకు మబ్బు పట్టి ఉంది. ఇంటి వాకిట్లో మంచాలు విప్పి నిలబెట్టారు. శాంతికుమార్ చూసి, "రా వదినా" అని, వెంటనే తాడు కొనాలంటూ బయటకు వెళ్లిపోయాడు. తాడు అక్కడే రెండు చుట్లు ఉంది.

ఏంజెలిన్ నడింట్లో కింద కూర్చుని గిన్నెలు పాత చీరల్లో చుడుతోంది. తలెత్తి చూసింది. మళ్లీ చుట్టింది. జుట్టు ముందు తెల్లబడింది, అచ్చం అమ్మకు తెల్లబడిన చోటే. నేను ఎదురుగా కింద కూర్చుని సంచిలోంచి పుస్తకం తీసి దాని ఒళ్లో పెట్టాను.

అది చేతిలో గిన్నె దించలేదు. కొత్త అట్ట వల్ల కాసేపు పుస్తకాన్ని గుర్తుపట్టలేదు. అంచుల్లోంచి బయటకొచ్చిన చెక్క కత్తిని చూసింది.

"ఈ కత్తి ఈడ లేదే" అంది.

రెండున్నరేళ్ల తర్వాత మొదటి మాట. కత్తి దగ్గర కాకుండా పేజీలు వెనక్కి తిప్పుకుంటూ నేరుగా 142 తీసింది. చూడకుండానే తీసింది. ఆ చుక్క మీద వేలు పెట్టుకుని, "యాడ దొరికింది?" అని అడిగింది. చెప్పాను. జనార్దనయ్య చేతిలో రబ్బరు సంగతి చెబితే పేజీ మీద అరచెయ్యి కప్పింది.

"చెడ్డ పని చేశాను. చదవకుండా ఇచ్చేశాను, పైగా నిన్నే కసిరాను. అమ్మ నీకోసం చదివిన పుస్తకం. తీసుకోవే" అన్నాను. బస్సులో వందసార్లు అనుకున్న మాటలే, వంకరగా వచ్చాయి.

ఏంజెలిన్ నా వైపు తిరిగింది.

"నాకోసమా? నాది పెండ్లిలోనే ఇచ్చేసింది గదక్కా. ఒక మనిషికి రెండు పుస్తకాలు ఎవురన్నా ఇస్తారా?"

గిన్నె పక్కన పెట్టింది.

"అమ్మకి అక్షరం ఆనేది కాదు. నేనే చదివినా. దినానికి ఒక పేజీ, మధ్యాన్నం అన్నం తిన్నాక, ఇంగో ఈ గడప కాడ కూర్చోని. 'ఆగు, ఈడ పెడతా' అనేది. చెయ్యి పట్టకోని నేను ఆనిస్తే చుక్క మాత్రం తానే పెట్టేది. నూట నలభై రెండు దినాలు. రూబీకి పెండ్లి కావాల, అప్పుడే ఇయ్యాలని ఎవురు చెప్పినారు, నేనే పిచ్చిదాన్ని, ఎప్పుడో ఇచ్చిండాల్సింది అనేది. ఈ పేజీ కాడ రెండు దినాలు ముందుకు పోనీలేదు. మళ్లా చదువు, మళ్లా చదువు అనింది. మూడో దినం ఆస్పత్రికి తీసకపోయినాం."

నేను గోడకు ఆనుకున్నాను. పదకొండో పేజీ, కిటికీ, పండ్లు, పెద్దదానివి. అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఏడుస్తూనే కసురుకున్నాను. "ఎందుకు చెప్పలేదే నాకు? రెండున్నరేళ్లు!"

"ఇచ్చేదాకా చెప్పకూడదని గదా పద్ధతి? అమ్మ మాట తప్పేదా నేను?" దాని గొంతు కూడా లేచింది. "అయినా అమ్మ ఎవురికి చదివిందని ఒక్కతూరి అడగతావని చూసినా. నువ్వు అడిగినావా? 'ఇంకోటి కొంటాలే' అన్నావు. నీకోసం అమ్మ కండ్లు లేకుండా పెట్టిన చుక్కల్ని నువ్వే గోతాంలో ఎత్తి పంపించేస్తే, ఆ మాట ఎట్టా చెప్పేదక్కా నీకు? చెప్తే నువ్వు బతుకతావా?"

కోపమనుకున్నాను. అది నన్ను కాపాడుకుంటూ వచ్చింది. దాని ఒళ్లో తల పెట్టుకున్నాను, ఉత్త చేతులతో వెళ్లినందుకు పనికొచ్చాయి చేతులు. దాని చీర పాత గిన్నెల వాసన వేస్తోంది. ఏంజెలిన్ నా జుట్టు చెవి వెనక్కి సర్దింది.

కాసేపటికి పైన కాగితాల చప్పుడైంది. పేజీలు ముందుకు తిప్పుతోంది. 146 దగ్గర ఆగింది.

"ఇవి ఎవురివి? నల్లంగా, నీటుగా?"

"నావి."

"ఎవురికి?"

చెప్పలేదు. పెదాల మీద వేలు పెట్టుకున్నాను. ఏంజెలిన్ నవ్వింది. వాకిట్లో ఆరేసిన బట్టలు ఆరాయో లేదో చూడలేదు.

పుస్తకం కోసం చెయ్యి చాపాను. అది మూసి తన వైపుకు లాక్కుంది.

"ఇప్పుడు ఇయ్యను. అమ్మ తరఫున నీకు ఇయ్యాల్సింది నేను. సగం దాకే చదివినా. చదవకుండా ఎట్టా ఇచ్చేది?"

"పార్వతీపురం తీసుకుపోతావా?"

"దినానికి ఒక పేజీ. అయినాక నేనే వచ్చి ఇస్తా. నువ్వన్నా వచ్చి తీసుకో." లేచి వెళ్లి పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో కాకుండా తన హ్యాండుబ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

అన్నాలు తిన్నాం. కిటికీ పక్కన సామాన్లు పేర్చి ఉన్నాయి, ఎదురెదురుగానే కూర్చోవాల్సి వచ్చింది. నాలుగింటి బస్సుకు బయల్దేరి గేటు దాటాను. వెనకనుంచి పరుగున వచ్చింది, చెప్పులు కూడా లేకుండా.

"అక్కా, పెన్సిల్ ఉండాదా?"

సంచిలో వెతికి ఇచ్చాను.